ఖండన తీర్మానం రాయమన్నారు, "అవాంఛనీయ సంఘటన" తప్ప ఇంకేం రాయాలి?

రాతకోతలు | సోమవారం రాత్రి 9:42
అందరికీ నమస్తే. నేనొక స్థానిక కౌన్సిల్ ఆఫీసులో పనిచేస్తా, ఏ ఊరు ఏ పార్టీ అని మాత్రం అడక్కండి, ఉద్యోగం ఉండాలి కదా. సంగతేంటంటే శనివారం ప్రచారంలో మా సిట్టింగ్ మెంబర్ ఒకావిడని నలుగురు చుట్టుముట్టి కొట్టారు, మోచెయ్యి విరిగింది, పక్కన కరపత్రాలు పంచుతున్న కుర్రాడికి కూడా బాగానే తగిలాయి. గురువారం అత్యవసర సమావేశం పెట్టి ఖండన తీర్మానం చేస్తారంట, డ్రాఫ్ట్ రాసే పని తిరిగి తిరిగి నా టేబుల్ మీద పడింది. పాత ఫైల్లో ఒకటి దొరికింది, తేదీ మార్చి వాడెయ్యవయ్యా అన్నారు మా పెద్దాయన. ఇదీ అది:

"ఇటీవల చోటుచేసుకున్న అవాంఛనీయ సంఘటనను ఈ కౌన్సిల్ ముక్తకంఠంతో తీవ్రంగా ఖండిస్తున్నది. ప్రజాస్వామ్యంలో హింసకు తావు లేదు. ఇరువర్గాలు సంయమనం పాటించవలసిందిగా కోరుతున్నది."

టైప్ చేసి చదువుకుంటే నాకే సిగ్గేసింది, ఎందుకో సరిగ్గా చెప్పలేకపోతున్నా. ఇలాంటివి రాసినవాళ్ళు, కనీసం విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

చివరిబెంచీ | సోమవారం రాత్రి 9:51
"తీవ్రంగా" మాత్రం తియ్యకండి, అది తీస్తే తీర్మానంలో ఇంకేం మిగలదు హహ

వానపిట్ట | సోమవారం రాత్రి 10:20
సిగ్గెందుకేసిందో నేను చెప్తా. "అవాంఛనీయ సంఘటన" అంటే ఏంటండీ, వడగళ్ళ వానా? "చోటుచేసుకుంది" అనే మాట చూడండి, ఎవరూ ఎవర్నీ కొట్టరు, దాడి దానంతటది ఎక్కడినుంచో నడుచుకుంటూ వచ్చి ఒక చోటు చూసుకుని కూర్చుంటుంది. నేను పేపర్ డెస్క్ లో పదకొండేళ్ళు పనిచేశా, "చెదురుమదురు ఘటనలు మినహా పోలింగ్ ప్రశాంతం" అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, ఆ చెదురులో ఒకళ్ళ చెయ్యి ఉంటుంది ఆ మదురులో ఇంకొకళ్ళ తల ఉంటుంది, అప్పుడు తోచలేదు. ఇక "ఇరువర్గాలు సంయమనం". ఆవిడ మోచెయ్యి ఏ వర్గమండీ? అది కూడా సంయమనం పాటించాలా? కొట్టినవాడినీ దెబ్బలు తిన్నావిడనీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టి ఇద్దరికీ బుద్ధి చెప్తే అది ఖండన కాదు, పంచాయితీ.

ముక్తకంఠం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట పడిందంటే మీటింగ్ లో ఒక్కడూ నోరు తెరవలేదని అర్థం.

లాపాయింట్ | సోమవారం రాత్రి 10:47
వానపిట్ట మేడమ్ బాగా చెప్పారు కానీ రాతకోతలు గారు ఆవేశంలో అవతలి కొసకి వెళ్ళిపోకూడదు. కౌన్సిల్ కోర్టు కాదు. కేసు దర్యాప్తులో ఉండగా ఫలానా పార్టీ వాళ్ళు చేశారు, ఫలానా నాయకుడు చేయించాడు అని తీర్మానంలో రాస్తే రేపు డిఫెన్స్ లాయర్ అదే పట్టుకుంటాడు. తెలిసింది మాత్రం రాయండి. ఎవరి మీద, ఎప్పుడు, ఎక్కడ, ఏ పని చేస్తుండగా, ఏ దెబ్బ తగిలింది. ఇవి నిజాలు, వీటికి తీర్పు అక్కర్లేదు. కొట్టినవాళ్ళ పేర్లు పోలీసులకి వదిలెయ్యండి. ఆవిడ పేరు రాసే ముందు ఆవిణ్ణి అడగండి, ఇది మర్చిపోతారు అందరూ.

గోడమీదపిల్లి | సోమవారం రాత్రి 11:05
ఇదంతా దండగ వ్యవహారం. కొట్టేవాడు మీ తీర్మానం చదివి లెంపలేసుకుంటాడా? ఒక్క దాడైనా తీర్మానం వల్ల ఆగిందని చూపించండి చూద్దాం.

నిద్రలేనివాడు | మంగళవారం తెల్లవారుజాము 1:30
గోడమీదపిల్లి గారూ, ఆగిందని చూపించలేను కానీ ఖండించాల్సిన టైమ్ లో ఖండించకపోతే ఏమైందో మాత్రం చెప్పగలను. పోలండ్ లో గ్డాన్స్క్ అని ఉంది కదా, సాలిడారిటీ అనే కార్మిక ఉద్యమం పుట్టిన ఓడరేవు ఊరు. అక్కడ పావెల్ ఆడమోవిచ్ అని 1998 నుంచి మేయర్. 2017లో శరణార్థుల్ని మా ఊళ్ళకి రానిస్తాం అని కొందరు మేయర్లు ఉమ్మడిగా ఒక ప్రకటన మీద సంతకం పెడితే, ఒక అతివాద యువజన సంస్థ వాళ్ళు పదకొండు మంది మేయర్లకి "రాజకీయ మరణ ధ్రువపత్రాలు" తయారుచేసి నెట్ లో పెట్టారు. నిజం డెత్ సర్టిఫికెట్ లాగే ఉంటాయి అవి, మేయర్ పేరు, చావుకి కారణం, అన్నీ గళ్ళు నింపి. ఆడమోవిచ్ పేరు మీద కూడా ఒకటి. ఫిర్యాదు చేస్తే ప్రాసిక్యూటర్లు ఇందులో నేరమేం లేదు, అభిప్రాయం చెప్పుకున్నారంతే అని మూసేశారు.

2019 జనవరి 13, ఆదివారం. పిల్లల ఆసుపత్రులకి పరికరాలు కొనడానికి దేశమంతా విరాళాలు పోగుచేసే రోజు అది, ఆడమోవిచ్ స్వయంగా డబ్బా పట్టుకుని వీధుల్లో తిరిగాడు. రాత్రి స్టేజ్ ఎక్కి ఊరివాళ్ళకి థాంక్స్ చెప్పాడు. చేతిలో వెలిగించిన కాకరపువ్వొత్తి, చుట్టూ లైట్లు, జనం పైకి చూస్తూ కౌంట్ డౌన్ చెప్తున్నారు. అప్పుడు ఒకడు స్టేజ్ మీదకి దూకి కత్తితో పొడిచాడు, పొడిచి పారిపోలేదు, మైకు లాక్కుని నన్ను అన్యాయంగా జైల్లో పెట్టారు అని అప్పటి ప్రతిపక్ష పార్టీ పేరు చెప్పి అరిచాడు. కింద ఉన్న జనానికి కాసేపు అది ప్రోగ్రామ్ లో భాగమేమో అనిపించిందంట. మర్నాడు మేయర్ చనిపోయాడు.

గోడమీదపిల్లి | మంగళవారం ఉదయం 7:58
వాడికి మతి సరిగా లేదన్నారు కదా, దానికీ ఆ కాగితాలకీ లంకె ఎందుకు పెడుతున్నారు

నిద్రలేనివాడు | మంగళవారం ఉదయం 8:15
నేను లంకె పెట్టలేదండీ, మీరే పెట్టుకున్నారు. మతిస్థిమితం మీద నిపుణులు తలో మాట చెప్పారు, చివరికి 2023లో కోర్టు యావజ్జీవం వేసింది. వాడు ఆ కాగితం చూశాడనీ నేననట్లేదు. బతికున్న మేయర్ కి డెత్ సర్టిఫికెట్ రాస్తే అది జోకు అని అందరూ ఊరుకున్నారు, నేనంటున్నది అదొక్కటే. ఖండించాల్సింది ఆ కాగితం వచ్చిన రోజు. శవం లేచాక ఎవరైనా ఖండిస్తారు.

పాతకాపు | మంగళవారం ఉదయం 9:10
రాతకోతలు బాబూ, నేను రెండు దఫాలు మెంబర్ గా చేసినవాణ్ణి, ఇప్పుడు రిటైర్డ్. నా మాట కూడా ఒకటి విను.

మాతో పాటు ఒకాయన ఉండేవాడు, అవతలి పార్టీ, మాకు అస్సలు పడదు, బడ్జెట్ రోజు నన్ను మూడు గంటలు నిలబెట్టి కడిగేసేవాడు. ఒకరోజు ఆయన ఇంటి గుమ్మంలో ఎవడో ఒక కవరు పెట్టి పోయాడు, లోపల ఆయన కూతురు బడికెళ్ళే దారి గీసిన కాగితం. మాటల్లేవు, బెదిరింపు లేదు, గీత అంతే, ఇంటి దగ్గర మొదలై బడి గేటు దగ్గర ఆగింది. మేం తీర్మానం చేశాం, నీ దగ్గరున్నలాంటిదే, "ఒక సభ్యునికి ఎదురైన ఇబ్బందికర పరిస్థితిపై విచారం". పేరు లేదు. ఇబ్బందికర పరిస్థితి అని రాసింది నేనే. తర్వాత అందరం ఆయన్ని పరామర్శించడానికి వెళ్ళాం, ఎలా వెళ్ళామనుకున్నావ్, మా వాళ్ళం పదింటికి, వాళ్ళ వాళ్ళు పన్నెండింటికి, ఒకే ఫొటోలో పడకుండా టైమ్ చూసుకుని. ఆయన టీపాయ్ మీద మా తీర్మానం కాపీ ఉంది. "ఈ ఒక సభ్యుడు ఎవరండీ, నాకు తెలుసా?" అన్నాడు నవ్వుతూనే. నెల తిరక్కుండా రాజీనామా.

పేరు రాయి బాబూ. ఆవిడ ఒప్పుకుంటే ఇంటిపేరుతో సహా రాయి.

చివరిబెంచీ | మంగళవారం ఉదయం 9:22
నేను జోకేశా కానీ ఇది చదివాక ఏం మాట్లాడాలో తెలియట్లా సర్

బల్లకింద | మంగళవారం ఉదయం 10:40
కొట్టింది మీ అధికార పార్టీ వాళ్ళే అయ్యుంటారు, అందుకే "ఇరువర్గాలు" అని నసుగుతున్నారు, ఇక్కడ అందరికీ తెలుసు ఆ పార్టీ రౌడీలు ఎలాంటివాళ్ళో

వీధిగొంతు | మంగళవారం ఉదయం 10:44
@బల్లకింద ఏ పార్టీయో ఆయన చెప్పనే లేదు, నీకెలా తెలిసింది స్వామీ? మీ వాళ్ళు పోయిన ఎన్నికల్లో

మోడరేటర్ | మంగళవారం ఉదయం 11:02
పై రెండు పోస్టుల కింద వచ్చిన పద్నాలుగు పోస్టులు తీసేశాను. హింసను ఎలా ఖండించాలి అనే చర్చలో ఒకళ్ళనొకళ్ళు "బయట కనిపించు చూస్తా" అనుకోవడం కనీసం నవ్వైనా తెప్పించాలి మీకు.

వీధిగొంతు | మంగళవారం మధ్యాహ్నం 1:15
సారీ మోడ్ గారు. అసలు నేను చెప్పాలనుకున్నది వేరు. నేను నిరసనలకి వెళ్ళేవాణ్ణి, కౌన్సిల్ బయట ప్లకార్డు పట్టుకుని చాలాసార్లు నిలబడ్డా. నాకు ఖండన తీర్మానాలంటే భయం ఎందుకంటే "రాజకీయ హింస" అనే మాట ఒకసారి పుస్తకాల్లోకెక్కితే రేపు గ్యాలరీలో నినాదాలిచ్చినవాడు, మెంబర్ కారుకి అడ్డం కూర్చున్నవాడు, గోడ మీద రాసినవాడు అందరూ అదే లెక్కలో పడతారు. మేయర్ గారి మనసు నొప్పించడం కూడా హింసే అంటారు. మనసు నొప్పించడం మా హక్కు అండీ. దయచేసి హింస అంటే ఏంటో ఆ తీర్మానంలోనే గీత గీయండి, ఒంటి మీద చెయ్యి వెయ్యడం, ఇంటికెళ్ళి బెదిరించడం, ప్రచారం చెయ్యకుండా అడ్డుకోవడం, ఇవి. అరవడం కాదు.

లాపాయింట్ | మంగళవారం మధ్యాహ్నం 1:40
పై పోస్టుకి నా ఓటు. అరవడం కాదు అన్న ముక్క తీర్మానంలో ఉండాల్సిందే, లేకపోతే అది మెంబర్లు తమకి తాము కప్పుకున్న గొడుగు అవుతుంది.

నిద్రలేనివాడు | మంగళవారం మధ్యాహ్నం 2:25
దీనికి నాగసాకి ఉదాహరణ బాగా సరిపోతుంది. 1988 డిసెంబర్, చక్రవర్తి హిరోహితో చావుబతుకుల్లో ఉన్నాడు, దేశమంతా గుసగుసగా మాట్లాడుకుంటున్న రోజులు. మేయర్ మొతొషిమా హితోషిని నగర సభలో ఒక సభ్యుడు అడిగాడు, యుద్ధానికి చక్రవర్తి బాధ్యత ఉందా అని. ఉందనే నా అభిప్రాయం అన్నాడు మేయర్. సొంత పక్షం వాళ్ళే వెనక్కి తీసుకోమన్నారు, తీసుకోలేదు. మైకులు కట్టిన బళ్ళు ఊరంతా తిరుగుతూ ఆయన్ని తిట్టాయి, అది తిట్టడం, వీధిగొంతు గారి లెక్కలో హింస కాదు, సరే. 1990 జనవరిలో సిటీ హాల్ ముందు ఒకడు వెనకనుంచి కాల్చాడు. బతికాడు, మరుసటేడు మళ్ళీ గెలిచాడు కూడా. తిట్టడానికీ కాల్చడానికీ మధ్య ఏడాది పైన గడిచింది, ఆ మధ్యలో ఆయన్ని వదిలేసినవాళ్ళు సభలో ఆయన పక్క కుర్చీల్లోనే ఉన్నారు, నాకైతే అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

నల్లకలువ | మంగళవారం రాత్రి 8:30
అందరూ మేయర్ల గురించి రాస్తున్నారు, కొట్టింది ఒక ఆడ మెంబర్ ని అని గుర్తుందా? నేను ఒకసారి పోటీ చేసి ఓడిపోయినదాన్ని. మగ అభ్యర్థికి "నిన్ను ఓడిస్తాం" అని మెసేజ్ వస్తుంది, మాకు వచ్చే మెసేజ్ లు ఇక్కడ టైప్ చేస్తే మోడ్ గారు ఈ పోస్టు కూడా తీసేస్తారు.

రియో డి జనీరోలో మరియెల్ ఫ్రాంకో అని నగర కౌన్సిలర్, మురికివాడలో పుట్టి పెరిగిన నల్లజాతి అమ్మాయి, 2016లో 46 వేల పైచిలుకు ఓట్లతో గెలిచింది. 2018 మార్చి 14 రాత్రి ఒక మీటింగ్ నుంచి ఇంటికి వెళ్తుంటే కారులోనే కాల్చి చంపారు, డ్రైవర్ కూడా పోయాడు. కాల్చినవాళ్ళకి శిక్ష పడేసరికి 2024 అయింది. అదొక ఎత్తు, నాకు కడుపు మండేది ఇంకొకటి. ఆవిడ పేరుతో సిటీ కౌన్సిల్ దగ్గర వీధి పలక ఒకటి అంటించారు, 2018 ఎన్నికల్లో ఇద్దరు అభ్యర్థులు దాన్ని పీకి రెండుముక్కలు చేసి, ఆ ముక్క ప్రచార సభలో ఎత్తి చూపించుకున్నారు. ఇద్దరూ గెలిచారు!! దానికి జవాబుగా జనం చందాలేసుకుని అలాంటివే వెయ్యి పలకలు చేయించి కౌన్సిల్ ముందే పంచారు. తీర్మానం అంటే నా దృష్టిలో ఆ వెయ్యి పలకలు.

గోడమీదపిల్లి | మంగళవారం రాత్రి 9:05
అది జనం చేసింది, కౌన్సిల్ కాదు. నా పాయింట్ అదే కదా. మీరే నా తరఫున వాదిస్తున్నారు.

పోస్టర్‌గమ్ | మంగళవారం రాత్రి 9:48
పిల్లి గారికి కౌన్సిళ్ళు చేసినవి కావాలంటే ఫ్రాన్స్ చూడండి. 2023 జులైలో పారిస్ శివార్లలో లాయ్-లె-రోజ్ మేయర్ ఇంటి మీదకి రాత్రిపూట కారు తోలి నిప్పు పెట్టారు, ఆయన అల్లర్ల వల్ల టౌన్ హాల్లోనే ఉన్నాడు, ఇంట్లో భార్యా ఇద్దరు చిన్నపిల్లలు, వెనక తోటలోంచి పారిపోతుంటే ఆవిడ కాలు విరిగింది. మర్నాడు సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి దేశంలో అన్ని టౌన్ హాళ్ళ ముందు రండి అని మేయర్ల సంఘం పిలుపిచ్చింది, సైరన్లు మోగించారు. పార్టీ ఏదని చూడలేదు. మామూలు రోజుల్లో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోనివాళ్ళు ఒకే మెట్ల మీద నిలబడ్డారు, పాతకాపు గారూ, ఒకే ఫొటోలో.

కానీ అదే ఏడాది మార్చిలో సెయింట్ బ్రెవిన్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో మేయర్ ఇంటికి నిప్పంటించారు, శరణార్థుల కేంద్రం కట్టనిస్తున్నాడని. నెలల తరబడి బెదిరింపులొచ్చినా నన్నెవరూ పట్టించుకోలేదని మే నెలలో రాజీనామా చేసి ఊరే వదిలాడు. ఆ తర్వాతే 2024 మార్చిలో చట్టం మార్చి, ఎన్నికైనవాళ్ళ మీద దాడికి పోలీసు మీద దాడికి వేసే శిక్షలే వేస్తామన్నారు. ముందొకాయన ఇల్లు కాలాలి, తర్వాత చట్టం, ఎక్కడైనా ఇంతే.

వానపిట్ట | మంగళవారం రాత్రి 10:30
బ్రిటన్ లో జో కాక్స్ అనే ఎంపీని 2016లో చంపాక ఆవిడ సీటుకి ఉప ఎన్నిక వస్తే ఆవిడ పార్టీ తప్ప మిగతా పెద్ద పార్టీలేవీ పోటీ పెట్టలేదు, హత్యతో ఖాళీ అయిన సీటుని మేం గెలుచుకోం అన్నట్టు. మరీ మంచిదో కాదో నాకు తెలీదు, ఓటర్లకి ఎంచుకునే హక్కు కూడా పోయింది కదా అని ఒక మూల అనిపిస్తుంది. జర్మనీవాళ్ళది దీనికి రివర్స్. 2015లో కొలోన్ మేయర్ అభ్యర్థి హెన్రియెట్ రేకర్ ని పోలింగ్ కి ముందురోజు ప్రచార స్టాల్ దగ్గర మెడలో పొడిచారు. ఎన్నిక ఆపలేదు. మర్నాడు ఆవిడ స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉండగానే 52 శాతం పైగా ఓట్లతో గెలిచింది, గెలిచిన సంగతి లేచాక ఎవరో చెప్తే తెలిసింది.

రాతకోతలు | బుధవారం ఉదయం 6:50
రాత్రంతా ఇదే చదివా. ఆవిణ్ణి ఆసుపత్రిలో కలిసి పేరు రాయొచ్చా అని అడిగా. "రాయండి, ఆ కరపత్రాల కుర్రాడి పేరు కూడా రాయండి, వాడికి ఎవరూ పూలు పంపలేదు" అంది. కొత్త డ్రాఫ్ట్ ఇది, పేర్లు ఇక్కడ తీసేశా:

"శనివారం సాయంత్రం ప్రచారం చేస్తుండగా ఈ కౌన్సిల్ సభ్యురాలు ఫలానావారిని, ఆమెతో ఉన్న ఫలానావారిని నలుగురు వ్యక్తులు కొట్టారు. ఆమె మోచెయ్యి విరిగింది. ఓట్లు అడుగుతున్నవారిని కొట్టడమంటే ఓటు వేసేవారినీ కొట్టడమేనని ఈ కౌన్సిల్ భావిస్తున్నది. సభ్యులను విమర్శించడం, నినాదాలు ఇవ్వడం, నిరసన తెలపడం ప్రజల హక్కు. ఒంటిమీద చెయ్యి వేయడం, ఇంటికి వెళ్ళి బెదిరించడం, ప్రచారాన్ని అడ్డుకోవడం హక్కు కాదు. ఇటువంటి పని చేసినవారు మాలో ఎవరి అనుచరులైనా సరే, వారిని వెనకేసుకురామని, వారి విడుదల కోసం ఫోన్లు చేయబోమని సభ్యులందరం మాట ఇస్తున్నాం."

చివరి వాక్యం పాస్ అవుద్దా?

చివరిబెంచీ | బుధవారం ఉదయం 7:05
ఫోన్లు చేయబోమని!! పాస్ అయితే నా పేరు మార్చుకుంటా

పాతకాపు | బుధవారం ఉదయం 7:31
కొట్టేస్తారు. అయినా పెట్టు. కొట్టెయ్యాలంటే ఎవరో ఒకరు లేచి దాన్ని కొట్టెయ్యండి అని నోటితో అనాలి.

లాపాయింట్ | బుధవారం ఉదయం 8:12
"భావిస్తున్నది" ఉన్న వాక్యం కొంచెం ఉపన్యాసంలా ఉంది, తీసేసినా నష్టం లేదు. మిగతాది ముట్టుకోవద్దు. ఇంకో విషయం, రేపు భద్రత పేరుతో గ్యాలరీ మూసేస్తామంటారు చూడండి. ఫ్రాన్స్ లోనే నాంటేర్ లో 2002 మార్చిలో కౌన్సిల్ మీటింగ్ ఆసాంతం గ్యాలరీలో కూర్చున్నవాడు, అర్ధరాత్రి దాటాక మేయర్ మీటింగ్ ముగిసింది అనగానే లేచి కాల్చాడు, ఎనిమిది మంది కౌన్సిలర్లు చనిపోయారు. కాబట్టి వాళ్ళ భయం ఉత్తిది అననండి. తనిఖీ పెట్టండి, సంచులు చూడండి, ఏదైనా చెయ్యండి, కానీ జనం లేని హాల్లో ప్రజాస్వామ్యం మీద తీర్మానం చెయ్యొద్దు.

రాతకోతలు | గురువారం రాత్రి 11:20
ఇప్పుడే ఇంటికొచ్చా. గ్యాలరీ తెరిచే ఉంచారు, గేటు దగ్గర సంచులు చూశారు, ముప్పై మంది దాకా వచ్చారు.

పేర్లు ఉన్నాయి. నిరసన హక్కు వాక్యం ఉంది. లాపాయింట్ గారు చెప్పిన ఉపన్యాసం తీసేశా. చివరి వాక్యం దగ్గర గంటంపావు పట్టింది. ఇది మమ్మల్నే అనుమానించినట్టుంది అని ఇటువైపు ఒకాయన, ముందు మీరు ఒప్పుకోండి అని అటువైపు ఒకాయన, చివరికి ఓటింగ్ పెడితే రెండు ఓట్ల తేడాతో తీసేశారు. మిగతాది పాస్.

అయితే అందరూ లేవబోతుంటే వెనక వరుసలో ఒక మెంబర్, ఎప్పుడూ మాట్లాడడు, ఈయన కొట్టించుకున్నావిడకి బద్ధ ప్రత్యర్థి, లేచి తీసేసిన ఆ వాక్యాన్ని కాగితం చూసి మొత్తం చదివాడు. చదివి, ఇది కౌన్సిల్ మాట కాకపోతే నా మాట, నా పేరు మీద మినిట్స్ లో రాయండి అన్నాడు. అధ్యక్షులు నా వైపు చూశారు. నేను రాసుకున్నా. తర్వాత ఇంకో ఇద్దరు నా టేబుల్ దగ్గరికొచ్చి మెల్లగా, మా పేర్లు కూడా దాని కింద పెట్టు అన్నారు. ఒకరు ఇటు, ఒకరు అటు.

చివరిబెంచీ | గురువారం రాత్రి 11:26
పేరు మార్చుకోవాలా వద్దా ఇప్పుడు

పాతకాపు | గురువారం రాత్రి 11:41
మినిట్స్ ఆమోదం ఎప్పుడు బాబూ?

రాతకోతలు | గురువారం రాత్రి 11:43
వచ్చే సమావేశంలో సర్. ఈలోపు ఆ ముగ్గురిలో ఎవరైనా ఫోన్ చేసి నా పేరు తీసెయ్యమంటారేమోనని ఫోన్ సైలెంట్ లో పెట్టా.